తిప్పక్క గుప్పిట్లో నిప్పు

అనగా అనగా, నిప్పు చూపిస్తే తప్ప తుపాకి పేలని కాలం. గుట్టల నడుమ కొర్రలు పండే ఊరొకటి, పేరు ముళ్లగుట్ట. అడవిపందుల బెడదకు ఇంటికో తుపాకి. తుపాకి లేని చేలో పంట లేదు.

తుపాకి పేలాలంటే వత్తి కావాలి. జనపనార పేని, సూరేకారం నీళ్లలో నానబెట్టి, ఎండబెట్టిన వత్తి. కొస అంటిస్తే మెల్లగా రాజుకుంటూ పోతుంది. ఆ వత్తులు పేనేది తిప్పక్క. మొగుడు లేడు, పొలం లేదు. ఊరి పంచాయితీలో ఆమె మాట అడిగినవాళ్లూ లేరు.

ఆ ఏడు ఊళ్లో ముగ్గురు చచ్చారు. ఒకడు పెళ్లిలో. ఒకడు కోడిపందెంలో. ఒకడు నీళ్ల వంతు దగ్గర. ముగ్గురినీ చంపింది పందుల కోసం ఉంచుకున్న తుపాకులే.

కోటలోని పాళెగాడు దండోరా వేయించాడు. "ఇంకొక్క మనిషి చస్తే ఊరి తుపాకులన్నీ కోటకు చేరతాయి."

ఊరు వణికింది. కొర్రలు గింజ పట్టే రోజులవి. తుపాకులు పోతే పంట పందులపాలు, పిల్లలు పస్తులు.

తిప్పక్క ఎవరినీ అడగలేదు. వత్తులు కట్టలుగా ఇవ్వడం మానేసింది. ఏ రోజు కావలికి ఆ రోజు జానెడు. అదీ పొద్దు వాలాకే. "తుపాకి మీది. వత్తి నాది," అంది. అందరూ తిట్టారు. పేనేది ఆమె ఒక్కతే, తిట్టి చేసేదేముంది?

మూడో రోజు మిట్టమధ్యాహ్నం నారెప్ప వచ్చాడు. తమ్ముడు గంగులు గట్టురాయి జరిపాడని పొద్దున్నుంచీ గొడవ. భుజాన తుపాకి. మందూ గుండూ దట్టించే తెచ్చాడు.

"వత్తి ఇయ్యక్కా."

"దేనికప్పా?"

"పందికి."

"ఈ ఎండకా? పందులు గూడా నీడన పండుకోనుంటాయే." తిప్పక్క పేనుతూనే ఉంది.

"నీకెందుకు? వత్తి ఇయ్యి."

"దేనికప్పా?"

"చెప్తి కదా, పందికని!"

"నాలుగు కాళ్లదా, రెండు కాళ్లదా?" పేనుతూనే ఉంది.

"ఇస్తావా, ఇయ్యవా?"

"దేనికప్పా?"

నారెప్ప పళ్లు కొరికాడు. "గంగులుగానికి."

తిప్పక్క పేనడం ఆపింది.

చూరుకు ఒక వత్తి వేలాడుతోంది. బాగా రాజుకుంటుందో లేదో చూద్దామని అంతకుముందే తిప్పక్క దాని కొస అంటించి ఉంచింది. నారెప్ప దాని మీదికి దూకాడు. తిప్పక్క ముందే లాక్కుంది. మండే కొసను కుడి గుప్పిట్లో బిగించింది.

"ఇడువు!"

"ఇడవను."

తుపాకి మడమ ఎత్తాడు. "తల పగలగొడతా!"

"కొట్టు. నేను చచ్చినా వాడు చచ్చినా పాళెగానికి ఒకటే. సాయంత్రానికి తుపాకులు కోటకు పోతాయి. రేపు నీ చేలో పందులుంటాయి. నీ బిడ్డలకేం పెడతావో చూసుకో."

చర్మం కాలిన వాసన వచ్చింది. ఆమె గుప్పిలి విప్పలేదు. వేళ్ల సందుల్లోంచి పొగ సన్నబడింది. ఆగింది.

నారెప్ప ఎత్తిన తుపాకి దించి గడప మీద కూలబడ్డాడు.

"ఇంకో వత్తి అడుగుతావేమో," అంది తిప్పక్క. "పేనేదానికి నాకు చెయ్యి ల్యాదు. ఈ పొద్దునుంచి నువ్వే పేనాల."

పేనాడు. పొద్దు వాలాక మొదట వత్తికి వచ్చింది గంగులే.

"దేనికిరా?" అని నారెప్పే అడగాల్సి వచ్చింది.

"పందికేలేన్నా," అన్నాడు గంగులు, నాలుగడుగుల దూరంలోనే నిలబడి.

ఆ ఏడు కొర్రలు ఇళ్లకు చేరాయి. తుపాకులు ఇళ్లలోనే ఉన్నాయి. తిప్పక్క కుడి చెయ్యి మళ్లీ విచ్చుకోలేదు. పోయేదాకా వత్తులు ఎడమ చేత్తోనే ఇచ్చింది.

ఇప్పుడు వత్తులు లేవు, తూటాలొచ్చాయి. ముళ్లగుట్టలో తుపాకి ఎవరిది వాళ్లింట్లోనే ఉంటుంది. తూటాలు మాత్రం పక్కింట్లో. పక్కింటివాళ్లు దేనికని అడిగాకే ఇస్తారు. ఎడమ చేత్తో ఇస్తారు. ఆ ఊళ్లో ఇంకేది ఎడమ చేత్తో ఇచ్చినా చీవాట్లు తప్పవు.