వందిమాగధుడికీ సుంకం లేదు

ఒకానొక కాలంలో ఒకే ఏటి వెంబడి మూడు రాజ్యాలు ఉండేవి. కొండల దగ్గర మెట్టపాళెం, సముద్రం దగ్గర అలలపురం, రెంటికీ నడుమ వేణుగిరి. వేణుగిరిని రత్నకేతు మహారాజు ఏలేవాడు. మనసున్న మనిషే. కాకపోతే తాను చేసిన పనిలో లోపం ఉందని ఎవరైనా అంటే, పాపం, ఆయనకు ఉన్నట్టుండి చెవులు వినిపించేవి కావు.

ఒక ఏడు ముగ్గురు రాజులూ కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. మూడు రాజ్యాల మధ్య ఏ సరుకు వచ్చినా, ఏ పనివాడు వచ్చినా పొలిమేరలో సుంకం అడగకూడదు. రత్నకేతు దాని మీద ముద్ర వేసి, ఇంతటి ఆలోచన ఇంకే రాజుకూ తట్టలేదని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

మేలు జరగకపోలేదు. అలలపురం ఉప్పు బళ్ళు బారులు తీరి వచ్చాయి. అయితే మెట్టపాళెం నూనె కూడా వచ్చింది. అక్కడివి జోడెద్దుల పెద్ద గానుగలు, నూనె సగం ధరకే దొరుకుతుంది. దాంతో వేణుగిరి గానుగవీధిలో ఒంటెద్దు గానుగలు ఒక్కొక్కటే ఆగిపోసాగాయి.

ఆ వీధికి పెద్ద పోలమ్మ. మొగుడు పోయాక తానే గానుగ ఆడించి పిల్లల్ని సాకుతున్న మనిషి. వీధివాళ్ళందరి తరఫునా కోటకు వచ్చి మొర పెట్టుకుంది. రాజుగారు సగం విని, చవగ్గా వచ్చే నూనెను కాదనమంటావా అని కసిరి పంపేశాడు. ఆమె కోట మెట్ల మీద కూలబడి కళ్ళు ఒత్తుకుంటూ ఉంటే విదూషకుడు కొమ్మన చూశాడు.

కొమ్మన నోరు ఎంత చురుకో మనసు అంత మెత్తన. పక్కనే కూర్చుని సంగతంతా అడిగాడు.

"ఒప్పందం వద్దనను బాబూ, నేనూ ఆ చవక ఉప్పే కొంటున్నాను గదా" అంది పోలమ్మ. "మాకు కాస్త ఊపిరి పీల్చుకునే గడువు కావాలి. గానుగ ఆగిపోతే మా వీధిలో పొయ్యి వెలగదు."

ఆ మాట కొమ్మనను పట్టుకు వదల్లేదు. రాజుగారితో వాదించి లాభం లేదని అతనికి తెలుసు. తనదాకా వస్తే తప్ప ఆయనకు ఏదీ తలకెక్కదు.

వేణుగిరి కొలువులో ఒక ఆచారం ఉంది. రాజుగారు సభలో అడుగు పెట్టగానే వందిమాగధుడు ఆయన బిరుదులన్నీ వరుసగా చదవాలి. ఆఖరి బిరుదు అందరికీ వినబడేదాకా రాజుగారు సింహాసనం మీద కూర్చోకూడదు. ఆ పని ముసలి రంగరాజుది. గొంతు బొంగురుపోయినా ఒక్క బిరుదు మరిచేవాడు కాదు.

కొమ్మన చెప్పాపెట్టకుండా మెట్టపాళెం వెళ్ళి, అక్కడి నుంచి భైరవరాజు అనే పడుచు వందిమాగధుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. మర్నాడు సభలో రంగరాజు గొంతు సవరించుకునేలోపే భైరవరాజు అందుకున్నాడు. సభ అదిరిపోయింది. చిక్కల్లా ఒక్కటే. అతను నేర్చుకున్నవి తన రాజు బిరుదులు, అవే చదువుతున్నాడు. మెట్టపాళెం ప్రభువు అంతటివాడు, ఇంతటివాడు అని ఎత్తుకుంటే ఆగడే. రంగరాజు బొంగురు గొంతు అందులో ఎక్కడో మునిగిపోయింది. రాజుగారు సింహాసనం ముందు నిలబడే ఉన్నాడు. కాళ్ళు పీకుతున్నాయి.

"వీణ్ణి బయటికి పంపండి" అన్నాడు చివరికి.

కొమ్మన చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. పొరుగు పనివాణ్ణి ఆపకూడదని తమ ముద్రే ఉందని గుర్తుచేశాడు. పైగా రంగరాజుకు మాన్యం ఇవ్వాలి, ఇతనికి రెండు పూటలా అన్నం పెడితే చాలు, ఎంత చవకో చూడమన్నాడు.

"చవకైతే?" రాజుగారు రంగరాజు వైపు చెయ్యి చూపించాడు. "రంగరాజు తాత మా తాతగారి పేరు పలికాడు. ఈ ముసలాణ్ణి వీధిలోకి నెట్టమంటావా? వాడి ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది?"

"పోలమ్మ అడిగిందీ అదే ప్రభూ" అన్నాడు కొమ్మన.

రాజుగారి ముఖం ఎర్రబడింది. అయితే ఆ ఒప్పందాన్నే చించిపారేయండి అని, కూర్చోకుండానే విసవిసా భోజనానికి వెళ్ళిపోయాడు.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడో లేదో ముఖం వికారంగా పెట్టాడు. పప్పులో ఉప్పు లేదు. పులుసులోనూ లేదు. వంటవాణ్ణి కేకేస్తే కొమ్మన వచ్చి నిలబడ్డాడు, తమరు ఒప్పందం చించమంటారని ముందే ఊహించి నేనే వేయవద్దన్నానని ఒప్పుకున్నాడు.

"ఒప్పందం చించితే ఉప్పు మీద పాత సుంకం మళ్ళీ పడుతుంది ప్రభూ. ఆ సుంకం ఉన్న రోజుల్లో మన ఊళ్ళో పేదవాళ్ళు తిన్నది ఈ పప్పే. తమకు తెలియదు. తమ కంచంలోకి ఎప్పుడూ ఉప్పు వేసిందే వచ్చింది."

రత్నకేతు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయనకు నిజంగా సిగ్గేసింది. ముద్ద కంచంలో పెట్టేసి, ఉంచితే ఒక తంటా, చించితే ఒక తంటా, ఏం చేయమంటావని అడిగాడు. నన్నెందుకు, పోలమ్మనే అడగమన్నాడు కొమ్మన.

పోలమ్మను పిలిపించారు. ఏం కావాలని రాజుగారు తానే అడిగాడు. ఆమె కొంగు బిగించుకుని తడుముకోకుండా చెప్పింది.

"ఉప్పుకు సుంకం వద్దు దొరా. నూనె సుంకం మాత్రం మళ్ళీ పెట్టి, మూడేళ్ళలో కొంచెం కొంచెంగా తగ్గించండి. ఈలోగా మా కుర్రాళ్ళను మెట్టపాళెం పంపితే జోడెద్దుల గానుగ నేర్చుకొస్తారు."

"మూడేళ్ళయ్యాక మళ్ళీ ఏడుస్తూ రావు గదా?"

"నేనెందుకు వస్తాను దొరా? అప్పటికి మా నూనె మెట్టపాళెం సంతలో అమ్ముతాం. వాళ్ళ గానుగలవాళ్ళే ఆ రాజుగారి కోట మెట్ల మీద కూర్చుని ఏడుస్తారు. ఆయన జాలిపడి మా నూనెకు సుంకం వేస్తానంటే మాత్రం తమరు ఒప్పుకోవద్దు."

రత్నకేతు ఒక్క క్షణం తెల్లబోయి చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నవ్వుతూనే తన జరీ శాలువా తీసి కొమ్మనకు కప్పబోయాడు. కొమ్మన పక్కకు జరిగి పోలమ్మను చూపించాడు. రాజుగారు ఆ శాలువాను ఆమె భుజాల మీదే కప్పి, కొమ్మన కోసం ఇంకొకటి తెమ్మన్నాడు.