పోలన్న మూడో కేక

అనగా అనగా, గోదారికి వంతెన అనే మాట ఇంకా తెలియని రోజుల్లో, ఏటి నడుమ ఒక లంక ఉండేది. లంకంటే ఏముంది, ఇసుక మేటేసి, రెల్లు మొలిచి, దాని మీద మనుషులు గుడిసెలు వేసుకున్న దిబ్బ. నలభై గడప. ఆ లంకకి ఒక రేవు. ఆ రేవులో పడవ నడిపేవాడు పోలన్న.

కథలో రాజు లేడా అని మూతి ముడుచుకునేవాళ్ళుంటే ముందే చెబుతున్నాను, రాజూ ఉన్నాడు. కానీ ఆయన పేరు ఎవరికీ గుర్తు లేదు. పోలన్న పేరు గుర్తుంది.

ఆ రాజుకి పక్క రాజుతో పేచీ వచ్చింది. ఎందుకొచ్చిందో వాళ్ళకే తెలియాలి. ఇంటికొక మగాణ్ణి పంపమని దండోరా వేయించాడు. పోలన్న వెళ్ళాడు. ఇరవయ్యేళ్ళప్పుడు వెళ్ళినవాడు ముప్పై రెండేళ్ళకి తిరిగొచ్చాడు. భుజం మీద బల్లెం గాటు తప్ప వెంట తెచ్చుకున్నది ఏమీ లేదు. యుద్ధం సంగతులు చెప్పమని ఊరంతా చుట్టూ చేరింది.

"ఏవుందండీ, నడిచాం, తిన్నాం, మళ్ళీ నడిచాం" అన్నాడు పోలన్న.

మూడో రోజుకల్లా తండ్రి పాత పడవని ఒడ్డుకి లాగాడు. చిల్లులు పూడ్చాడు. పడవ తోసే పొడుగాటి వెదురు గెడ చేతబట్టాడు. ఆ గెడ మళ్ళీ యాభై ఏళ్ళు దించలేదు.

పైడమ్మని పెళ్ళాడాడు. ఇద్దరు మగపిల్లలు పుట్టారు, ఆ తర్వాత ఆడపిల్ల మరిడి పుట్టింది. పోలన్న కోడికంటే ముందు లేచేవాడు. పగలు పడవ, సాయంత్రం వల. కబుర్లు చెబుతూ కూడా తాడు పేనేవాడు. చంటిది ఏడిస్తే కాలి వేలితో ఊయల ఊపుతూ చేతులతో తాడు పేనేవాడు.

"ఆ చేతులకి కాస్త సెలవియ్యి మావా" అని పైడమ్మ కసిరేది.

"అవి ఊరుకుంటే నాకు తోచదే" అనేవాడు.

పిల్లలు తిన్నాక, పైడమ్మ తిన్నాక, ఆఖర్న తను కూర్చునేవాడు. మిగిలితే తినేవాడు. మిగలకపోతే గంజి తాగి, ఈ పూట కడుపు తేలిగ్గా ఉందనేవాడు. అంత మంచి మనిషి. కానీ ఆయనకి ఒక పిచ్చి ఉండేది.

పడవ కదిలేముందు మూడు కేకలు వేసేవాడు.

"పడవ కదుల్తోందో... ఇంకెవరన్నా ఉన్నారా..."

ఒక కేక వేసి ఆగేవాడు. రెండో కేక వేసి ఆగేవాడు. మూడో కేక వేసి, రెల్లుదుబ్బుల వైపు చూస్తూ, తమలపాకులు వేసుకుని నమిలేంతసేపు ఆగేవాడు. ఒడ్డున పిట్ట కూడా లేదని కళ్ళకి కనబడుతున్నా సరే, మూడో కేక పడాల్సిందే.

జనానికి ఒళ్ళు మండేది. సంతకెళ్ళేవాళ్ళకి సంత తప్పేది, పాలు తీసుకెళ్ళేవాళ్ళకి పాలు విరిగేవి. "మూడో కేక ఎవరికి పోలన్నా, దెయ్యాలకా?" అని ఎగతాళి చేసేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. చివరికి రేవులోకి ఇంకో పడవ వచ్చింది. దానికి కేకా లేదు పాకా లేదు, నిండితే పోవడమే. జనం అటు ఎక్కారు. పోలన్న ఇంట్లో పొయ్యి ఒంటిపూటకి దిగింది.

పైడమ్మ ఊరుకోలేదు. "ఆ మూడో కేక మన పిల్లల కూడు తినేత్తంది మావా. అదెవరి కోసవో నాకన్నా సెప్పు."

పోలన్న తాడు పేనడం ఆపాడు. ఆయన చేతులు ఊరికే ఉండడం పైడమ్మ అదే మొదటిసారి చూసింది.

"యుద్ధంలో ఓడిపోయి పారిపోయొత్తున్నాం పైడీ. అడ్డంగా ఏరు. పడవ నాకప్పజెప్పారు. రెండు కేకలేసి తోసెయ్యమన్నారు. ఏశాను. తోసేశాను. సగం ఏట్లోకి వచ్చాక ఎనక్కి సూశాను. రెల్లులోంచి సెయ్యి లేచింది. గురప్పది. ఎక్కడో ఎర్రనేలలోడు, నా కంచంలో తిన్నోడు. కాలికి దెబ్బ. అరిసే ఓపిక లేదు. సెయ్యొకటే ఎత్తాడు. ఎనక్కి తిప్పనివ్వలేదు నన్ను."

తాడు మళ్ళీ చేతిలోకి తీసుకుని అన్నాడు. "మొదటి కేక ఇనేవాడికి. రెండోది పరిగెత్తేవాడికి. మూడోది నడవలేనోడికి. ఆ మూడోది నేనెయ్యలేదు."

పైడమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు నుంచి మూడో కేక గురించి ఆవిడ నోరెత్తలేదు. ఇరుగుపొరుగు గొర్రెలు మేపి, గడ్డి కోసి, పొయ్యి ఆరకుండా చూసుకుంది.

ఏళ్ళు గడిచాయి. కొడుకులు గెడ పట్టారు. మరిడి అత్తారింటికి వెళ్ళి, తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. ఆ శ్రావణంలో గోదారి పొంగింది. అట్లా ఇట్లా కాదు. పొద్దున చూస్తే రేవులో నీళ్ళు, మధ్యాహ్నానికి గడపల్లో నీళ్ళు. ఆ రెండో పడవవాడు తన వాళ్ళని ఎక్కించుకుని మొదటే పోయాడు, ఆ రోజు మళ్ళీ రాలేదు.

పోలన్న ఒక పడవ జనాన్ని దాటించాడు. తిరిగొచ్చి ఇంకో పడవెడు జనాన్ని దాటించాడు. తాళ్ళు పట్టమని కొడుకులిద్దర్నీ ఆ ఒడ్డున దించాడు. మూడోసారి వచ్చేసరికి మిగిలినవాళ్ళంతా మొలలోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. అందర్నీ ఎక్కించాడు. ఆఖర్న పైడమ్మ, మరిడిని పట్టుకుని ఎక్కింది. ఎక్కీ ఎక్కగానే మరిడికి నొప్పులు మొదలయ్యాయి.

పోలన్న మొదటి కేక వేశాడు. "పడవ కదుల్తోందో... ఇంకెవరన్నా ఉన్నారా..."

జవాబు లేదు. నీళ్ళు జానెడు పెరిగాయి.

రెండో కేక వేశాడు. జవాబు లేదు. పడవ కట్టిన గుంజ ఊగుతోంది. మరిడి కేకలు పెడుతోంది.

"ఎవరూ లేరు పోలన్నా, నేను సూసే వచ్చాను" అన్నాడొకడు. "కన్నకూతుర్ని సంపుకుంటావా" అన్నాడు ఇంకొకడు. "నీ పిచ్చికి మమ్మల్నందర్నీ ముంచుతావా" అని మూడోవాడు గెడ మీద చెయ్యి వేశాడు.

పోలన్న పైడమ్మ వైపు చూశాడు. కూతురి తల ఆవిడ ఒళ్ళో ఉంది. ఆవిడ వద్దంటే తోసేసేవాడే. ఆ మాట తర్వాత ఆయనే చెప్పుకున్నాడు.

పైడమ్మ పళ్ళ బిగువున అంది. "ఎయ్యి మావా. మూడోది కూడా ఎయ్యి."

మూడో కేక వేశాడు. ఏటి హోరు మీంచి లంక చివరిదాకా వెళ్ళింది ఆ కేక. అందరూ ఆగారు. తిట్టేవాళ్ళు కూడా ఆగారు.

రెల్లు కదిలింది. రెల్లులోంచి ఒక కర్ర లేచింది. కర్ర వెనక తల ముగ్గుబుట్టయిన అంకాలవ్వ, పీకల్లోతు నీళ్ళలో.

పోలన్న దూకాడు. అవ్వని భుజాల మీద ఎక్కించుకుని తెచ్చాడు. అవ్వ రొప్పుతూ అంది.

"మొదటి కేకకి లేచాన్రా పోలిగా. రెండో కేకకి గడప దాటాను. మూడో కేకకి నీ కంటబడ్డాను."

పడవలో ఎవరూ తలెత్తలేదు. అంకాలవ్వ ఆ లంకకి మంత్రసాని. ఆవిడ చేతుల్లో పడకుండా భూమ్మీద పడ్డ తల అక్కడ ఒక్కటీ లేదు. కాళ్ళు సరిగ్గా ఆడక చివరి గుడిసెలో ఉంటుందని అందరికీ తెలుసు. పక్కింటివాళ్ళు తెచ్చుంటారని వీళ్ళు, వీళ్ళు తెచ్చుంటారని పక్కింటివాళ్ళు. పదిమంది తల్లి అంటే ఇలాగే ఉంటుంది నాయనా, ఎవరి తల్లీ కాదు.

"ఏడుపులు తర్వాత" అంది అవ్వ. మరిడి కడుపు మీద చెయ్యి వేసి చూసింది. "బిడ్డ అడ్డం తిరిగింది. ఇంకాసేపైతే ఇద్దరూ దక్కేవారు కాదు. చీరలు అడ్డం పట్టండి. పోలిగా, పడవ కుదపకుండా పోనీ."

పోలన్న గెడ వేశాడు. అవ్వ తన పని చేసింది. సగం ఏట్లో, సరిగ్గా గురప్ప చెయ్యి కనబడ్డంత దూరంలో, పసిబిడ్డ ఏడుపు వినబడింది. ఆడపిల్ల. అవ్వ పేరే పెట్టారు, చిన్నంకాలు అని.

ఆ తర్వాత మూడో కేకని ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. రెండో పడవవాడు కూడా కేకలు వెయ్యడం నేర్చుకున్నాడు. మొదట్లో సిగ్గుపడుతూ వేసేవాడట.

పోలన్న తొంభై దాటాడు. ముని మనవల్ని ఎత్తుకున్నాడు. గెడ దించాక కూడా రేవులో కూర్చుని తాడు పేనుతూ కేకలు వేసేవాడు. ఒక పొద్దున ఆయన చేతుల్లోంచి తాడు జారింది. మంచం మీద పడుకోబెట్టారు. ఊరంతా వచ్చింది. చిన్నంకాలు పక్కన కూర్చుంది. అప్పటికి రేవులో గెడ ఆ పిల్లదే.

"అంకాలూ, ఒడ్డునెవరన్నా ఉండిపోయారా?"

"ఎవరూ లేరు తాతా. అందరూ ఎక్కేశారు."

"రెల్లులో సూశావా?"

చిన్నంకాలు లేచి, వాకిట్లోకి వెళ్ళి, నిజంగానే రెల్లు వైపు చూసి వచ్చింది. "సూశాను తాతా. ఎవరూ లేరు."

"అయితే తొయ్యమ్మా" అన్నాడు పోలన్న. అదే ఆఖరి మాట.

ఆయన్ని కాటికి ఏరు దాటిస్తున్నప్పుడు చిన్నంకాలు మొదటి కేక వేసింది, రెండో కేక వేసింది. మూడోదానికి గొంతు రాలేదు. రేవు రేవంతా కలిసి ఆ కేక వేసింది. వేసి, తమలపాకులు నమిలేంతసేపు ఆగారు. పడవ ఒక పక్కకి కాస్త ఒరిగిందనీ, ఎవరో ఎక్కినట్టే ఉందనీ చూసినవాళ్ళు చెబుతారు. గురప్పే అంటారు. నేను చూడలేదు, కానీ కాదనను.

ఇప్పుడు అక్కడ వంతెన ఉంది. అయినా ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిబండి కదలాలన్నా, భోజనాల బంతి లేవాలన్నా, "పోలన్న కేక పడిందా?" అని అడుగుతారు. పడకపోతే కదలరు.

కథ ఆ ఒడ్డుకి చేరింది. మనం ఇంకా ఈ ఒడ్డునే ఉన్నాం. లోపల్నుంచి అన్నాలకి పిలుస్తున్నారు, రెండు కేకలయ్యాయి. ఆగండి, ఎవరూ కంచంలో చెయ్యి పెట్టకండి. అరుగు చివర మామ్మ ఇంకా కర్ర వెతుక్కుంటోంది.