దుబ్బన్న చేరదీసిన పిల్లలు

ఇప్పచెట్లు దట్టంగా పెరిగిన ఒక కొండలోయను ఇప్పలకోన అంటారు. అక్కడ జింకలు, కొండముచ్చులు, అడవిపందులు, కుందేళ్లు, అడవికోళ్లు కలిసిమెలిసి ఉండేవి. ఒంటిమీద గుబురు జుట్టున్న దుబ్బన్న అనే ఎలుగుబంటి కూడా ఉండేవాడు. అతనికి నా అన్నవాళ్లు లేరు. పొద్దున్నే చెదపుట్టలు తవ్వుకుంటూ, తనలో తానే కూనిరాగం తీస్తూ తిరిగేవాడు.

ఒక వేసవిలో కోనకు కార్చిచ్చు అంటుకుంది. గాలి తోడై, తూర్పు వాలంతా కాలిపోయింది. ఆనక పెద్దవాన కురిసి మంట ఆరిపోయింది కానీ, అప్పటికే ఎందరో పిల్లలు తల్లులను పోగొట్టుకున్నారు. పిల్లలను పోగొట్టుకున్న తల్లులూ ఉన్నారు.

దుబ్బన్న బూడిదలో నడుస్తుంటే ఒక బండ చాటున జింకపిల్ల కనబడింది. అది వణుకుతోంది. దుబ్బన్నను చూసి పారిపోవడానికి కూడా దానికి ఓపిక లేదు. అతను మెల్లగా దాని పక్కన కూర్చుని ఒళ్లు నాకాడు. వాన వెలిశాక దొరికింది కాబట్టి చినుకు అని పేరు పెట్టి, తన గుహకు తెచ్చుకున్నాడు.

తరువాత కుందేలు పిల్లలు వచ్చాయి. ఒక పందిపిల్ల దారి తప్పి వచ్చింది. అడవికోడి పిల్లలు వాటంతట అవే గుహలోకి నడిచి వచ్చి, దుబ్బన్న బొచ్చులో దూరి పడుకున్నాయి. ఎన్నడూ లేని సందడికి అతని మనసు నిండిపోయింది.

"దుబ్బన్న ఎంత మంచివాడు!" అని కోనంతా చెప్పుకున్నారు. ఆ మాట అతని చెవిన పడింది. తేనెకంటే తీయగా ఉంది.

ఒకనాడు కాటుక అనే జింక గుహ దగ్గరకు వచ్చింది. మంటల్లో ఆమె బిడ్డ పోయింది.

"అన్నా, నా పాలు ఊరికే పోతున్నాయి. చినుకుకు ఇవ్వనా?" అని అడిగింది.

"నీ కష్టం నీకుంది. దీని సంగతి నేను చూసుకుంటాలే అమ్మా," అన్నాడు దుబ్బన్న.

కాటుక తల వంచుకుని వెళ్లిపోయింది. తరువాత కొండముచ్చుల పెద్ద కొమ్మయ్య వచ్చాడు. "రోజూ పళ్లు కోసుకొస్తాం," అన్నాడు. అతన్నీ దుబ్బన్న పంపేశాడు.

ఇదంతా ముళ్లవ్వ చూస్తూనే ఉంది. ఆమె పక్క కలుగులో ఉండే ముసలి ఏదుపంది.

"దుబ్బన్నా, ఇంతమంది పిల్లల్ని ఒక్కడివే ఎన్నాళ్లు సాకుతావు? వచ్చిన వాళ్లను కలుపుకో. అందరం ఒక సంఘంగా చేరి చూసుకుందాం," అంది.

దుబ్బన్నకు కోపం వచ్చింది. "గుహ నాది. చెమట నాది. రేపు పదిమంది చేరి తలో మాట అంటే నా మాట ఎవరు వింటారు అవ్వా?"

"పిల్లలకు కావలసింది నీ మాటా, తిండా?" అంది ముళ్లవ్వ. దుబ్బన్న ముఖం తిప్పుకున్నాడు.

చినుకు రోజురోజుకూ చిక్కిపోతోంది. మెత్తని పళ్లు నమిలి పెట్టినా దానికి సరిపోవడం లేదు. తేనె తాగితే బలం వస్తుందని దుబ్బన్న ఎత్తైన కొండచరియ ఎక్కాడు. తేనెటీగలు ముసిరాయి. కాలు జారింది. కింద రాళ్ల మధ్య పడ్డాడు. వెనుక కాలు బెణికి లేవలేకపోయాడు.

"పిల్లలూ!" అని అరిచాడు. గుహ చాలా దూరం. ఎవరికీ వినబడలేదు.

గుహలో పిల్లలు ఎదురుచూశాయి. పందిపిల్ల ఏడుపు మొదలుపెట్టింది. చినుకు అతన్ని వెతుక్కుంటూ బయలుదేరి, కాస్త దూరం వెళ్లగానే కూలబడిపోయింది. ఏ పిల్లకు ఏం పెట్టాలో, దుబ్బన్న ఏ వైపు వెళ్లాడో ఎవరికీ తెలియదు. అతను ఎవరికీ చెప్పలేదు మరి.

మర్నాడు పొద్దున్న దుబ్బన్న కూనిరాగం వినబడకపోయేసరికి ముళ్లవ్వ కలుగులోంచి బయటికి వచ్చింది. గుహలోకి తొంగిచూసి కేక పెట్టింది. కోనంతా కదిలింది. కొండముచ్చులు చెట్లెక్కి దుబ్బన్నను వెతికాయి. కాటుక పరుగున వచ్చి, దారిలో కూలబడి ఉన్న చినుకు పక్కన నిలబడింది.

చినుకు కళ్లు తెరవలేదు. కాటుక దాని మూతిని నాకుతూ, "తాగు తల్లీ, ఒక్క గుక్క తాగు," అని బతిమాలింది. ఎంతోసేపటికి చినుకు మూతి కదిలింది. ఒక గుక్క మింగింది. మరో గుక్క మింగింది.

అప్పుడే దుబ్బన్న, కొండముచ్చులు పిలుచుకొచ్చిన ఒక అడవిదున్న భుజానికి ఆనుకుని కుంటుకుంటూ వచ్చాడు. పాలు తాగుతున్న చినుకును చూశాడు. కళ్లు మూసుకుని నిలబడ్డ కాటుకను చూశాడు. బావురుమన్నాడు.

"నా గొప్ప కోసం వీళ్లను చంపేసేవాణ్ణి అవ్వా!"

ముళ్లవ్వ అతని పక్కన కూర్చుంది. "వీళ్లు బతికిందీ నీ వల్లే, పస్తున్నదీ నీ వల్లే నాయనా. రెండూ నిజమే. ఇక ఏం చేద్దామో చెప్పు."

"మీరే చెప్పండి. నేను వింటాను," అన్నాడు దుబ్బన్న.

ఆ సాయంత్రం అందరూ గుహ ముందు చేరి సంఘం పెట్టుకున్నారు. కాటుక పాలివ్వాలి. కొండముచ్చులు పళ్లు తేవాలి. అడవిపందులు దుంపలు తవ్వాలి. తెచ్చినది ఏదైనా అందరి ఎదుటా పెట్టాలి, ముందు పిల్లలు తినాలి. ఎవరైనా రాలేకపోతే ఇంకొకరికి చెప్పి మరీ ఆగాలి. సంఘానికి పెద్దగా ముళ్లవ్వను ఎన్నుకున్నారు.

"ఈ చోటుకు దుబ్బన్న ఇల్లు అని పేరు పెడదాం," అంది కాటుక.

ఆ పేరు దుబ్బన్నకు ఎంత నచ్చిందో! నోటిదాకా వచ్చిన "సరే"ను మింగేసి, "వద్దమ్మా. పిల్లల ఇల్లు అందాం," అన్నాడు.

మొదట్లో పనులేమీ సవ్యంగా సాగలేదు. కొండముచ్చులు సగం పళ్లు దారిలోనే తినేసేవి. ముళ్లవ్వ చీవాట్లు పెట్టింది. అడవిపందులు తెచ్చిన దుంపలను దుబ్బన్న మళ్లీ తనే ఏరబోయేవాడు. ముళ్లవ్వ ఒక ముల్లుతో చిన్నగా పొడిచేది. "అబ్బా!" అని చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. మెల్లమెల్లగా అందరికీ పని అలవాటైంది.

వానాకాలం వెళ్లాక ముళ్లవ్వ అంది, "దుబ్బన్నా, నువ్వు చాలా అలిసిపోయావు. అవతలి లోయకు వెళ్లి కొన్నాళ్లు హాయిగా చెదలు తిని రా."

దుబ్బన్న అయిష్టంగా వెళ్లాడు. అక్కడ ఏం తిన్నా సహించలేదు. కుందేళ్లకు లేత గడ్డి దొరికిందో లేదో, పందిపిల్ల ఏడుస్తోందో ఏమో అని బెంగపడ్డాడు. చివరికి ఉండలేక, రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు.

గుహ ముందు పిల్లలు నిండిన పొట్టలతో ఆడుకుంటున్నాయి. కొమ్మయ్య పందిపిల్లను వీపున ఎక్కించుకుని తిప్పుతున్నాడు. దుబ్బన్న మనసు చివుక్కుమంది.

"అవ్వా, నేను లేనని ఇక్కడ ఎవరికీ తెలియనే లేదా?" అని అడిగాడు.

"ఎందుకు తెలియదయ్యా, అందరికీ తెలిసింది. రోజూ నిన్నే తలుచుకున్నారు," అంది ముళ్లవ్వ. "కానీ ఆకలి మాత్రం ఎవరికీ తెలియలేదు."

దుబ్బన్న పిల్లల నిండిన పొట్టల వైపు చూశాడు. తరువాత పొట్ట కదిలేలా నవ్వాడు. ఆ నవ్వు విని పిల్లలన్నీ ఒక్కసారిగా వచ్చి అతని మీద పడ్డాయి.

నీతి: మంచిపని మొదలుపెట్టడానికి ఒక్క మనసు చాలు. అది నిలవాలంటే మాత్రం "నాది" అనే మాట వదిలి, నలుగురినీ కలుపుకోవాలి.