తప్పుని బస్సెక్కించిన మిల్లు

నాలుగు లక్షల పన్నెండు వేలతో ఉప్పుడు బియ్యం మిల్లు పెట్టాడు అప్పలకొండ. "డబ్బు నాలుగు లక్షలే, తెలివి మాత్రం కోటి!" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. "ఆ కోటిలో సగం నాది," అనేది భార్య నూకాలు. "మిగతా సగం నాది," అనేవాడు తమ్ముడు సన్యాసి.

మిల్లులో నాలుగు తొట్టెలు. ఒక్కోదాంట్లో వేడి కొలిచే ఊచ ఉంది. నాలుగు ఊచల తీగలూ గోడమీది పెట్టెకి వస్తాయి. పెట్టె మీద నాలుగు గడుల్లో వేడి ఎంతో అంకెలు కనిపిస్తాయి.

ఓ పొద్దున్న రెండో గడిలో అంకె పోయి 'ఎర్రర్ 3' అని వెలిగింది. ఆ తొట్టెలో మేనత్త పైడమ్మ ధాన్యం నానుతోంది. ఆ ఏటి పంటంతా అదే. మధ్యాహ్నంలోగా ఆవిరి పట్టకపోతే పులిసిపోతుంది. గడిలో అంకె చూడందే ఆవిరి వదలడం అప్పలకొండకి తెలీదు.

"మూడు తప్పులున్నాయట!" అన్నాడు సన్యాసి.

ఇంకేముంది, ముగ్గురూ వెతికారు. రెండో తీగ ఒకచోట నలిగి కనిపించింది. మిగతా రెండు తప్పులూ ఎంతకీ దొరకలేదు. "లెక్క తక్కువైతే పెట్టె ఊరుకోదు, మిగతావి మనమే చేద్దాం," అని నూకాలు ఊచ మూత విప్పేసింది. సన్యాసి ఫ్యూజు పీకేశాడు. అంతే! నాలుగు గడుల్లోనూ 'ఎర్రర్ 9' వెలిగింది.

"నాలుగు తొమ్ముదులు ముప్పై ఆరు!" అప్పలకొండ చతికిలబడ్డాడు. "మధ్యాహ్నంలోగా అన్ని తప్పులు చెయ్యగలమా?"

"ముగ్గురం ఉన్నాం కదయ్యా, తలా పన్నెండు," అంది నూకాలు.

"చేసినవి చాలు! పెట్టె బిగించిన ఇంజనీరుకి ఫోన్ చెయ్యండర్రా!" అని తొట్టె దగ్గర్నుంచి అరిచింది పైడమ్మ.

ఇంజనీరు ఫోన్లో తల పట్టుకున్నాడు. "అది తప్పుల లెక్క కాదు బాబూ, తప్పుకి పెట్టిన నంబరు. విప్పినవన్నీ మళ్ళీ బిగించండి. రెండో తీగని మూడో గడికి, మూడోదాన్ని రెండుకి మార్చండి. తప్పు తీగ వెంట వెళ్తే పెట్టె మంచిదే."

అన్నీ బిగించి, తీగలు మార్చారు. తొమ్మిదులు పోయాయి. 'ఎర్రర్ 3' మూడో గడిలోకి వెళ్ళి కూర్చుంది.

"తీగ వెంటే నడిచిందండీ!"

"అయితే ఆ తీగ తీసేసి కొత్తది వెయ్యండి."

"కొత్తదెందుకు? దీని వెంట తప్పు పోతుందిగా!" అని ఫోన్ పెట్టేశాడు అప్పలకొండ. సన్యాసి తీగ పీకి ఈడ్చుకుంటూ రోడ్డెక్కాడు.

"పోలేదు మరిదీ! ఇంకా దూరం!" అని పెట్టె చూసొచ్చి గేటులోంచి అరిచింది నూకాలు. సన్యాసి వంతెన దాటాడు. "ఇంకా ఉంది!" అని ఫోన్ చేసింది. అంతే, బస్సెక్కేశాడు.

"తీగకి టికెట్టు అక్కర్లేదయ్యా," అన్నాడు కండక్టరు.

"తీగకి కాదన్నా, వెనకాల తప్పుంది. దానికి అర టికెట్టు ఇయ్యి."

ఈలోగా గింజల్లోంచి పులుపు వాసన మొదలైంది. పైడమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని, తనే ఆవిరి వాల్వు తిప్పింది. పొట్టు పగిలేదాకా చూసి కట్టేసింది. చారెడు గింజలు నలిపి, "ఉడికింది నా తల్లి!" అని కళ్ళు తుడుచుకుంది.

"ఉడికిందా?" అప్పలకొండ ఎగిరి గంతేశాడు. "బస్సు ఊరు దాటిందన్నమాట!"

"వాల్వు తిప్పింది నేనురా!"

"నువ్వు ఉత్త వాల్వే తిప్పావత్తా. తప్పుని పంపింది మేము. ఒక్క తీగ పంపితే ఒక తొట్టె ఇంత చక్కగా ఉడికింది. మరి ఆ మూడు తీగలూ ఇంకా ఎందుకుంచినట్టు?"

నూకాలు అప్పటికే పెట్టెలోంచి మూడూ పీకేసింది. అప్పలకొండ వాటిని చుట్టచుట్టి భుజాన వేసుకున్నాడు. మూడు అర టికెట్లకి చిల్లర సరిచూసుకుని, తర్వాతి బస్సుకి చెయ్యెత్తాడు.