ఎదురు చెప్పిన మావటి

పూర్వమొక రాజ్యమున పట్టపుటేనుగు నానాటికి చిక్కిపోవుచుండెను. దాని అన్నపు ముద్దలను మావటివాండ్రలో ఎవరో దొంగిలించుచుండిరి. గజశాలాధికారియైన భావనామాత్యుడు, తనకు మాటిమాటికి ఎదురుచెప్పు ముక్కోపి పోలయ్యయే దొంగయని నిశ్చయించి వానిని వెళ్లగొట్టెను. అయినను ఏనుగు నిలువలేని స్థితికి వచ్చెను.

గడ్డి కోసి తెచ్చు నాంచారి అది చూచి, "దొంగ ఎవరో తెలియాలంటే దొరా, ఈ ఏనుగుచేత ఇవాళ కొండపైకి దుంగలు మోయించమని చెప్పి చూడండి" అనెను.

అమాత్యుడట్లే ఆజ్ఞాపించెను. మిగిలిన నలుగురు మావటివాండ్రును "చిత్తము" అని గొలుసులు విప్పసాగిరి.

"చూచితివా వీరి వినయము!" అని ఆయన మురిసిపోయెను.

"చూశాను దొరా. చావబోయేదాన్ని కొండెక్కించడానికి వెనకాడనివాళ్లు, దాని ముద్ద లాక్కోవడానికి వెనకాడతారా? పోలయ్యే ఉంటే మీతో పోట్లాడేవాడు. ఆ నోటికే కదా వాణ్ణి వెళ్లగొట్టారు!"

అమాత్యుడు తల వంచుకొని ఏనుగును ఆపించి, నలుగురి యిండ్లను సోదా చేయించెను. ముద్దలు దొరికెను. పోలయ్య మాత్రము దొరకలేదు. పొరుగు రాజ్యమునకు పోయెనట.

నాడు అమాత్యుడే స్వయముగా ముద్ద పట్టుకొని ఏనుగు ముందు నిలిచెను. అది ముద్దను ముట్టక, ఆయన వెనుక మరెవరైనను వచ్చుచున్నారేమోయని తొండము చాచి వెదకెను.