ఓడెక్కి వచ్చిన వీణ

ఒక రేవుపట్నపు రాజుగారి దగ్గర జోగిరాజు దివాను. పక్కవీధి సరుకంటే ఆయనకు చులకన. కోటవీధిలో నాగాచారి చేసే వీణల్ని కాదని, రాచకార్యం మీద రాజుగారి ఖర్చుతో చలిదేశం వెళ్లినప్పుడు అక్కడో వీణ కొనుక్కొచ్చాడు.

నాగాచారి కొట్టు ముందు పల్లకి ఆపించి మరీ, "చూశావా ఆచారీ! నీ ధరలో సగమే. పైగా ఎప్పుడు చెడినా వాళ్ల కొట్టుకు తీసుకెళ్తే ఉచితంగా బాగుచేస్తారట. నువ్వు చేస్తావా?" అన్నాడు.

"దొరగారి అదృష్టం" అన్నాడు నాగాచారి, చిత్రిక పడుతూనే.

ఎండాకాలం వచ్చింది. రాజుగారి ముందు ఆ వీణ వాయించాల్సిన రోజునే, మెట్లను పట్టి ఉంచే మైనం కరిగి ఇరవైనాలుగు మెట్లూ పక్కకు జారిపోయాయి. చలిదేశపు మైనం మన ఎండకు ఆగుతుందా? సభ చూస్తే నిండిపోయింది. దివాను పరువు కోసం నాగాచారికి కబురు పరుగెత్తింది.

ఆచారి వచ్చి వీణను అటూ ఇటూ తిప్పి చూశాడు. "గుగ్గిలం కలిపిన మైనంతో ఇప్పుడే నిలబెడతాను. ఆ కొట్టువాళ్లలాగే నేనూ ఉచితంగానే చేస్తాను దొరా. అక్కడికి వెళ్లడానికి మీరు ఓడవాడికి కట్టే కేవు మాత్రం ఇప్పించండి చాలు."

రాజుగారు పకపకా నవ్వారు. దివాను గొంతు తగ్గించి, "సగం కేవు తీసుకోరాదూ?" అన్నాడు.

"అలాగే దొరా. సగం కేవుకి ఓడ నడిసముద్రం దాకా వస్తుంది. నేనూ పన్నెండు మెట్లు బిగించి లేస్తాను."