పలకని కస్తూరి

నల్లమల అడవిలో ఘాట్ రోడ్డు పక్కన కొండముచ్చులు, దుప్పులు, కుందేళ్లు ఉండేవి. ఒక చిరుత కూడా ఉండేది. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు, ఒక్క కస్తూరికి తప్ప.

కస్తూరి అడవిది కాదు. ఊళ్లో మెత్తటి దిండు మీద పెరిగిన పెంపుడు పిల్లి. ఒక్క పిలుపుకే పలకడమంటే దానికి మహా నామోషీ. మొదటిసారి పిలిస్తే చెవి మాత్రం కదిపేది. బతిమాలితే గానీ లేచేది కాదు. దాన్ని పెంచిన హిమజ అంతగా నెత్తికెక్కించుకుంది మరి.

ఒకసారి హిమజ వాళ్లు ఇల్లు మారుతూ కారులో బయలుదేరారు. కస్తూరిని బుట్టలో పెట్టారు. మలుపుల్లో దానికి కడుపు తిప్పి ఒకటే గోల పెట్టింది. హిమజకి జాలేసింది. అడవి మధ్యలో కారు ఆపించి, తలుపు తెరిచి, నీళ్లు తాగిద్దామని బుట్ట మూత తీసింది. కస్తూరి ఒక్క గెంతు గెంతి పొదల్లో దూరింది.

హిమజ పిలిచింది. కస్తూరికి వినబడింది. అయినా కదల్లేదు. నన్ను బుట్టలో కుక్కుతారా, బతిమాలనీ అనుకుంది.

చెట్టు మీద మనవడితో ఉన్న ముసలి కొండముచ్చు ఇది చూసింది.

"పలకవేం, పిల్లా? నీ కోసం ఆ అమ్మాయి ఏడుస్తోంది."

"ఏడవనీ అవ్వా. పిలవగానే పరిగెత్తితే మనకి విలువేముంటుంది?"

"ఇది మీ ఇల్లు కాదమ్మా. అడవిలో ఎవరైనా ఒక్కసారే పిలుస్తారు."

కస్తూరి నవ్వి పొదలో ఇంకా లోపలికి జరిగింది. హిమజ గొంతు బొంగురుపోయింది. వాళ్ల నాన్న కర్రతో పొదలన్నీ వెతికాడు. పొద్దు వాలింది. చీకటి పడితే అడవి గేటు మూసేస్తారు. ఆయన కూతుర్ని బలవంతంగా కారెక్కించాడు.

కారు కదిలాక కస్తూరి బయటికొచ్చి అరిచింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? కారు మలుపు తిరిగిపోయింది. అప్పుడైనా బుద్ధి రాలేదు. వాళ్లే తిరిగొచ్చి ఎత్తుకుంటారని రోడ్డు పక్కనే కూర్చుంది.

ఇంతలో కొండముచ్చు చిరుతని చూసింది. ఒక్క కేక వేసింది. కింద ఆడుకుంటున్న మనవడు ఆ క్షణమే చెట్టెక్కి అవ్వ ఒళ్లో పడ్డాడు.

"పిల్లా, నువ్వూ చెట్టెక్కు" అని అరిచింది కొండముచ్చు.

కస్తూరి అలవాటు కొద్దీ చెవి కదిపింది. రెండో కేక వేసే వ్యవధి లేకపోయింది. చిరుత దాన్ని నోట కరుచుకుని పొదల్లోకి వెళ్లిపోయింది.

తెల్లారగానే గేటు తీశారు. హిమజ, వాళ్ల నాన్న మళ్లీ అక్కడికే వచ్చారు. కొండముచ్చు మనవణ్ణి గట్టిగా హత్తుకుని పై నుంచి చూసింది. ఆ అమ్మాయికి ఎలా చెప్పాలో దానికి తెలియలేదు. పొద్దెక్కేదాకా హిమజ పిలుస్తూనే ఉంది.

నీతి: మన మేలు కోరి పిలిచినప్పుడు వెంటనే పలకాలి. బెట్టు చేసేవాళ్లని ప్రేమించినవాళ్లు కూడా కాపాడలేరు.